మొగ మూసిన దొర

తలుపు గడియ పడిన చప్పుడు దగ్గర ఆగాం. గడియ వేసింది ధనరాజు. లోపల చిక్కుబడ్డది ఆయన కూతురు తులసి. ఈ వారమే కథ అందుకున్నవారికి, ఆ పిల్ల ఆ గదిలోకి ఎలా వచ్చిపడిందో నాలుగు ముక్కల్లో చెప్పాలి.

"మీ అయ్యకి కూడు సయించట్నేదు, ఓపాలి వచ్చి కనపడిపో" అని తల్లి లక్ష్మణమ్మ ఫోను చేస్తే, తులసి విజయనగరంలో పొద్దున్నే బస్సెక్కి సముద్రపొడ్డున ఉన్న ఉప్పలదిబ్బకి వచ్చింది. వచ్చాక తెలిసింది, కూడు మాట ఉత్తదేనని. పొద్దు వాలేలోగా తుఫాను షెల్టరు ముందు ఊరు కూడుతోంది, తన మీద విచారణకి. రోడ్డు నుంచి తెచ్చి దింపిన ఆటోవాణ్ణి ఉండమంటే, "పెద్దలు వద్దన్నారమ్మా" అని ఆమె మొహం చూడకుండానే బండి తిప్పుకున్నాడు.

ఆమె చేసిన తప్పల్లా మాట్లాడకూడని మనిషితో మాట్లాడడం. మూడేళ్ల క్రితం ఊరు వెలివేసిన ఆ మనిషి ఆమె సొంత చిన్నాన్న లక్ష్ముడు. అతనితో ఎవరు పలికినా వాళ్లకీ అదే శిక్ష అని కట్టుబాటు. తులసి పలకడంతో ఆగలేదు. విజయనగరంలో ఆమె పనిచేసే చోట ఫోనులో ఆడుకునే ఆటలు తయారుచేస్తారు. వాళ్లు కొత్తగా వదిలిన 'కెరటాల కోట'కి కథ రాసింది తులసి. అందులో విలన్ పేరు మొగదొర. ఆ దొరకి గొంతు ఎరువిచ్చింది లక్ష్ముడు. ఇప్పుడు ఉప్పలదిబ్బ కుర్రకారు ఫోను తెరిస్తే చాలు, నీళ్లు పుట్టకుండా, నిప్పు దొరక్కుండా ఊరవతలికి నెట్టేసిన మనిషి ప్రతి ఇంటి నట్టింట్లోనూ మాట్లాడుతున్నాడు.

వెలి వేసింది ఎవరో కాదు. ఊరిపెద్ద ధనరాజే. లక్ష్ముడికి స్వయానా అన్న.

ఆయన గడియ వేసి వచ్చి, చాప మీద కూతురికి ఎదురుగా కూర్చున్నాడు. నడుముకి చుట్టిన తువ్వాల్లోంచి ఫోను తీసి ఇద్దరి మధ్యా పెట్టాడు. చేతివేళ్లు వలతాళ్లకి కాయలు కాచి, ఆ చిన్న అద్దం మీద ఆనీ ఆనకుండా ఉన్నాయి.

"కూకో."

"కూర్చునే ఉన్నాను కదా అయ్యా."

"ఆ మాటే అంతన్నాను. లేవకు."

గదికి కిటికీ ఒకటే, అదీ సముద్రం వైపు. గాలికి ఇసక కొడుతుందని ఎండాకాలం వచ్చేదాకా దానికి మేకులు కొట్టే ఉంచుతారు. చెక్కల సందుల్లోంచి వెలుతురు గీతలు గీతలుగా పడుతోంది. తలుపు అవతల తల్లి గాజులు మెల్లగా కదిలిన సవ్వడి వినపడింది. అంటే ఆమె కూడా అక్కడే నిలబడి ఉంది.

"నాను సదువుకోనేదు. గాని నీ ఆట నాకు తెలిసిపోనాది" అన్నాడు ధనరాజు. "మొదట్లో గుంటలు ఆడుతుంటే ఇన్నాను. ఇని, నా రక్తం నన్ను పిలిసినట్టైపోనాది. మూడేళ్లైనాది ఆడి గొంతినీ. తరవాత ఫోను తీసుకుని నానే ఆడినాను. నీ మొగదొర కాడికి ఎల్లి ఆగిపోనాను."

ఆ ఘట్టం తులసి కంఠతా చెప్పగలదు. సముద్రం ఏటా కొంత నేల తినేసే దేశం. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక దొర రాతిద్వారం కట్టించి, ఉప్పునీరు పొలాల మీదికి రాకుండా మూసేస్తాడు. పల్లె బతికింది కానీ, వేటకి వెళ్లిన పడవలన్నీ ద్వారం బయటే ఉండిపోయాయి. ఆడేవాళ్లది పడవ నడిపే పిల్ల వేషం. ఆ పిల్ల వెనక కెరటం లేచి వస్తుంటుంది, ఎదురుగా మూసిన ద్వారం, దాని మీద దొర. ఆ పిల్ల దొర కూతురేనని చివర్లో తెలుస్తుంది.

"తలుపు కాడ మూడు మాటలు ఇనపడతాయి. కొట్టు, బతిమాలు, ఎందుకని అడుగు. అన్నీ నొక్కినాను" అన్నాడు తండ్రి. "ఎవుల్ని సూసి రాసినావు ఆ దొరని?"

అబద్ధం ఆడొచ్చు. కథ అని, కల్పన అని అనొచ్చు. గది మరీ చిన్నది, అబద్ధం పట్టేంత చోటు లేదనిపించింది.

"నిన్ను చూసే."

ధనరాజు తల ఊపాడు. కోపం రాలేదు. బరువెంతో ముందే తూచి చూసుకున్న మనిషిలా ఉన్నాడు.

ఆ దొరని రాసేటప్పుడు తులసికి కసి ఉంది. పిన్ని బుల్లమ్మ పోయాక ఇల్లు విడిచి వెళ్లిన పిల్ల అది. బుల్లమ్మ అంటే లక్ష్ముడి భార్య, తులసిని చంకనేసుకుని పెంచిన మనిషి. వెలివేసిన రెండో ఏడు ఆమెకి విషజ్వరం వచ్చింది. ఊళ్లో నాలుగు ఆటోలుండీ ఒక్కటీ కదల్లేదు. లక్ష్ముడూ కొడుకు హరిబాబూ కలిసి ఆమెని సైకిలు మీద కూర్చోబెట్టి, పడకుండా చెరోవైపూ పట్టుకుని ఇసకదారిన రోడ్డెక్కేసరికి ఆమె తల వేలాడిపోయింది. ఆ రోజు ధనరాజు ఇంట్లోనే ఉన్నాడు. తులసి కాళ్లు పట్టుకున్నా లేవలేదు.

ఆ మనిషిని కోరలూ కొమ్ములతో రాద్దామనే కూర్చుంది. రాస్తూ ఉంటే కుదరలేదు. కారణం లేకుండా చెడ్డవాడైన మనిషి కాగితం మీద నిలబడడం లేదు, రెండు మాటలాడి కూలిపోతున్నాడు. ఆటల కంపెనీ నడిపే కామేష్ చదివి విసుక్కున్నాడు. "విలన్‌కి ఇంత బాధెందుకు తులసీ? ఆడేవాడికి చూడగానే కొట్టబుద్ధి వెయ్యాలి."

"కొట్టనివ్వండి. కొట్టాక సంతోషం మాత్రం కలగకూడదు" అంది తులసి అప్పుడు. అని, ఒక్కో కారణమూ పోగుచేసి ఆ దొరకిచ్చింది. అవన్నీ తను కల్పించినవే అనుకుంది.

"ఒక్క మాట అడగాల" అన్నాడు ధనరాజు. "తలుపు బయటున్న గుంటకి మూడు దార్లిచ్చినావు. మీదున్న దొరకో?"

"ఏంటి?"

"ఆడికి ఒక్క దారీ ఇవ్వనేదు. నాను ఏది నొక్కినా ఆడు తలుపు ముయ్యడమే. బతిమాలితే ఏడుస్తా మూస్తాడు, కొడితే సస్తా మూస్తాడు. మూసీటోడిగానే పుట్టించీసినావు ఆడ్ని. అలాంటోడి మీద కోపమెందుకే?"

ఆ మాట తులసికి ఎక్కడో తగిలింది. ఆరునెలలు ఆ దొరతో కూర్చుని లేచింది, ఆ ప్రశ్న తనకి ఎప్పుడూ రాలేదు. తగిలింది కాబట్టే ఆమె గొంతు పెంచింది.

"దొరకి నేను ఇవ్వలేదు సరే. నీకు ఉంది కదా అయ్యా దారి. పిన్ని జ్వరంలో ఉన్న రోజు లేచి ఆటోవాడికి ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది. నిన్నెవరు కట్టేశారు?"

"సెప్తాను. ముందిది ఇను."

ఆయన ఫోను మీద వేలు పెట్టాడు. మొగదొర మాట్లాడాడు. కెరటాల హోరు మీద లక్ష్ముడి గొంతు, ధనరాజు గొంతుకి కాస్త జీర తగిలిస్తే ఎలా ఉంటుందో అలా వచ్చింది. "తెరిస్తే ఊరు మునుగుతాది. మూస్తే నా కూతురు మునుగుతాది. ఏది మునగాలో నువ్వే సెప్పు." కాస్త ఆగి, ఊపిరి తీసిన చప్పుడు. "ఈ తలుపు నానొక్కడినే ముయ్యనేదు. ఇంకో సెయ్యి ఉన్నాది."

ధనరాజు ఆపేశాడు.

"ఆ కడాకరి మాట. అది నువ్వు రాసినావా?"

తులసికి ఆ రోజు గుర్తుంది. గజపతినగరం సంతలో ఎండుచేపలమ్ముకుంటున్న చిన్నాన్నని తనే వెతికి పట్టుకుని, బతిమాలి విజయనగరం తీసుకెళ్లింది. మైకు ముందు నిలబెట్టి మాటలు చెప్పిస్తుంటే, రాసింది అయిపోయాక లక్ష్ముడు ఒక్క క్షణం కళ్లు మూసుకుని ఆ రెండు ముక్కలూ తనంతట తనే అనేశాడు. కామేష్‌కి తెగ నచ్చి ఉంచేశాడు. మంచి మాట పడింది అనుకుంది తులసి. అంతకుమించి ఆలోచించలేదు.

"లేదు. చిన్నాన్నే అన్నాడు, సొంతంగా."

"అదే అనుకున్నాను" అన్నాడు ధనరాజు. "ఆ మాట ఆటాడుకునీ గుంటలకి కాదు. నాకు."

"నీకా?"

"ఆ రింగు వలలో సగం నాది."

బయట గాజుల సవ్వడి ఆగిపోయింది.

లక్ష్ముణ్ణి వెలివేసింది ఆ వల కోసమే. సముద్రంలో చేపల గుంపుని చుట్టూ కమ్మి, అడుగున తాడు బిగించి, పిల్లచేపతో సహా తోడేసే పెద్ద వల అది. అది తిరిగిన మేర చిన్న తెప్పల వాళ్లకి మిగిలేది నురుగే. ఉప్పలదిబ్బలో ఎవరూ దాన్ని ముట్టకూడదని గంగమ్మతల్లి మీద ఒట్టు పడ్డ నెలకే, అది లక్ష్ముడి పాకలో దొరికింది.

"హుద్‌హుద్ తుఫానుకి మన తెప్పలు పోనాయి గదా" అన్నాడు ధనరాజు. "అప్పుడే ఆడూ నానూ కలిసి పాత వల ఒకటి కొన్నాం. అప్పటికి కట్టుబాటు ఏటీ నేదు. తరవాత పక్క పాలెపోల్ల రింగు వలలు మన మీద పడ్డాయి. మనోలు కిరసనాయిలు డబ్బాలట్టుకుని ఆల పడవలు తగలెట్టీడానికి బయల్దేరీసినారు. ఎల్లుంటే ఎంతమంది సచ్చుందురో. ఆలని ఆపాలంటే నానేటో ఒకటి సెప్పాల. ముందు మనం సుద్దంగుండాల, తరవాత ఆలనడుగుదుం అన్నాను. తల్లి మీద ఒట్టేసీసినాను. ఒట్టేసినప్పుడు ఆ వల పాకలోనే ఉన్నాది."

"తెలిసే వేశావా?"

"తెలిసే. మెల్లగా అమ్మీసుకుందుం, ఎవుడికీ తెల్దు అనుకున్నాను. ఈలోగా దొరికీసినాది." ఆయన ఫోనుని చాప మీద బోర్లించాడు. "అంతమందిలోనూ ఆడు నా మొకం సూసినాడు. సెప్తాననుకున్నాడో, సెప్పొద్దనుకున్నాడో, నాకు ఇప్పటికీ తెల్దు. సూసి, 'వల నాదొక్కడిదే' అన్నీసినాడు."

"నువ్వు?"

"నాను వెలి ఏసినాను."

తులసి లేచి నిలబడింది. లేవొద్దన్న మనిషి ఏమీ అనలేదు. నాలుగడుగులు వేస్తే గోడ. వెనక్కి తిరిగితే తండ్రి. కిటికీ చెక్కకి అరచెయ్యి ఆనించింది. మేకుల తుప్పు వేలికి అంటుకుంది. ఇన్నాళ్లూ తండ్రిని అసహ్యించుకోవడం ఆమెకి ఒక ఆసరా. దాన్ని పట్టుకునే ఇల్లు విడిచింది, పని వెతుక్కుంది, కథ రాసింది. ఆ తండ్రి కరకు మనిషే కానీ మాట మీద నిలబడే మనిషి అనుకుంది. ఇప్పుడు ఆ ఒక్కటీ పోయింది. పోయి, కోపం పెరగాల్సింది పోయి, ఎదురుగా కూర్చున్న మనిషి మరింత ముసలివాడిలా కనపడుతున్నాడు. అది చూసి ఆమెకి ఇంకా భయం వేసింది.

"మరి పిన్ని పోయిన రోజు?"

"ఆరోజు ఆటో పంపితే, కట్టుబాటు పెద్దే తప్పినాడంతారు. ఎందుకు తప్పినాడని తవ్వుతారు. అది ఆలోసిస్తా కూకున్నాను. ఆలోసించడం అయీలోగా ఆ మనిసి అయిపోనాది." ధనరాజు మొహం తుడుచుకోలేదు, దాచుకోలేదు. "అప్పటినుండి సెప్పడానికి నోరు ఇంకా రానేదు."

"ఇప్పుడు నాకెందుకు చెప్తున్నావు?"

"ఇంకో గడియలో నిన్ను అడుగుతారు. ఆడితో మాటాడినావా, ఏటి మాటాడినావు, ఆ ఇంకో సెయ్యి ఎవుడిది అని. పెద్దల్లో నరసింగరావు ఆ మాట పట్టుకునే కూకున్నాడు. నువ్వు సెప్పీసినావంటే మీ సిన్నాన్న ఇంటికొస్తాడు. రేపటినుండి ఊళ్లో రింగు వలలు దిగుతాయి. పెద్దోడే దొంగైనప్పుడు ఒట్టేటి, కట్టుబాటేటి అంతారు. పక్క పాలెపోల్లతో కొట్లాట మళ్లీ మొదలు. నువ్వు తెల్దన్నావంటే నిన్ను వెలెయ్యాల. నా నోటితోనే. మీ అమ్మ నీతో మాటాడ్డానికి ఉండదు."

"అయితే నువ్వే చెప్పు అయ్యా. నన్నెందుకు మధ్యలో నిలబెడతావు?"

"మూడేళ్లనుండి అదే అనుకుంతన్నాను" అన్నాడాయన.

తలుపు మీద చిన్నగా తట్టారు. ధనరాజు లేచి గడియ తీశాడు. గుమ్మంలో లక్ష్మణమ్మ నిలబడి ఉంది. మొత్తం విన్న మొహం అది. భర్త వైపు ఒక్కసారి చూసింది.

"బుల్లమ్మని పాడెక్కించీటప్పుడైనా నీకు నోరు రానేదా?"

జవాబు కోసం ఆమె ఆగలేదు. కూతురి చెయ్యి పట్టుకుంది. "పద. పిలుస్తన్నారు."

షెల్టరు ముందు ఇసకలో ఊరంతా చేరింది. ఆడవాళ్లు మెట్ల మీద, మగవాళ్లు కింద, పెద్దలకి నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. ధనరాజు మధ్య కుర్చీలో కూర్చున్నాడు. తులసిని ఎదురుగా నిలబెట్టారు. ఒక పక్క సముద్రం, రెండో పక్క జనం, వెనక షెల్టరు గోడ. రోడ్డుకి పోయే దారికి అడ్డంగా పొద్దుటి ఆటో, అందులో ఆ ఆటోవాడు తల వంచుకుని ఉన్నాడు.

నరసింగరావు మొదలుపెట్టాడు. ధనరాజు తర్వాత ఊళ్లో మాట చెల్లేది ఆయనదే. మెత్తగా మాట్లాడే మనిషి.

"అమ్మీ తులసీ, మనం పోలీసులం కాదు. నిజం సెప్పీసి ఎల్లిపో. మీ సిన్నాన్నతో మాటాడినావా?"

"మాట్లాడాను."

మెట్ల మీద ఆడవాళ్లలో గుసగుస లేచి అణిగింది. లక్ష్మణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కట్టుబాటు తెలిసే?"

"తెలిసే. ఆయన మా చిన్నాన్న. నన్ను భుజాల మీద ఎక్కించుకుని సముద్రం చూపించిన మనిషి. మళ్లీ కనపడితే మళ్లీ మాట్లాడతాను."

ఆ ఒక్క ప్రశ్నకీ ఆమె తయారుగానే ఉంది. తర్వాతి ప్రశ్నకే ఆమె దగ్గర ఏమీ లేదు.

"మరి ఆ ఆటలో దొర అన్న మాట" అన్నాడు నరసింగరావు. "ఇంకో సెయ్యి ఉన్నాదని. ఊళ్లో గుంటలందరూ అదే అంతన్నారు. ఆ సెయ్యి ఎవుడిదో ఆడు నీకు సెప్పినాడా? ఆడు సెప్పకపోతే, ఇంకెవుడైనా సెప్పినాడా?"

తులసి తండ్రి వైపు చూడకూడదనుకుంది. చూసింది. ధనరాజు చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని నేల చూస్తున్నాడు. చెప్తే చిన్నాన్న ఇంటికొస్తాడు. చెప్తే ఈ ఇసకలోనే మనుషులు రెండుగా చీలిపోతారు. చెప్పకపోతే రేపటినుంచి అమ్మ తన పేరు పలకలేదు. ఏ వైపు అడుగేసినా ఎవరో ఒకరి మీద పడుతుంది. ఆమె పెదవి విప్పింది. ఏ మాట వస్తుందో ఆమెకే తెలియదు.

"అమ్మీ, నువ్వు సెప్పకు."

గొంతు జనం వెనకనుంచి వచ్చింది. ఆ గొంతు అక్కడ తెలియనివాళ్లు లేరు. జనం వెనక్కి చూడకుండానే రెండుగా విడిపోయారు, తగిలితే అంటుకుంటుందన్నట్టు. లక్ష్ముడు వచ్చి, వెలివేసిన మనిషి నిలబడకూడని చోట, కుర్చీలకి ఎదురుగా నిలబడ్డాడు. సంతనుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు. చొక్కాకి ఎండుచేపల పొట్టు అంటి ఉంది. వెనక కొడుకు హరిబాబు, తండ్రి మోచెయ్యి పట్టుకుని లాగుతున్నాడు.

"నువ్వు సెప్పకు తల్లీ. ఆ మాట నీది కాదు" అన్నాడు లక్ష్ముడు. "సెప్పాల్సినోడు సెప్తాడు. సెప్పకపోతే ఊరుకుంటాడు. మూడేళ్లు ఊరుకోనేదా?"

ఎవరూ పలకలేదు. పలికినవాడికి వెలి. నరసింగరావు పళ్లు బిగించి సముద్రం వైపు తిరిగాడు. మెట్ల మీద చంటిపిల్ల ఏడుపు మొదలుపెడితే తల్లి దాని నోటికి రొమ్మందించింది. లక్ష్ముడు కాసేపు చూశాడు. చూసి, అలవాటైపోయినవాడిలా వెళ్లిపోవడానికి వెనక్కి తిరిగాడు.

"లక్ష్ముడా."

ధనరాజు లేచి నిలబడి ఉన్నాడు. ఆ పిలుపు పెద్దగా ఏమీ లేదు, మామూలుగా ఇంట్లో పిలిచినట్టే ఉంది. కానీ షెల్టరు ముందున్న ప్రతి చెవికీ చేరింది. లక్ష్ముడు ఆగిపోయాడు, మొహం ఇటు తిప్పలేదు.

ధనరాజు ఇంకో మాట అనేలోగానే, ఆయన పక్కన కూర్చున్న నరసింగరావు లేచి, తన కుర్చీని ఇసకలో ఈడ్చుకుంటూ దూరంగా వేసుకున్నాడు.